సినిమా హిట్టయితే ఆన్‌లైన్ గేమ్ కూడా హిట్టేనా? మాహిష్మతిలో మన పిల్లోడికి చోటెక్కడ?

మొన్న ఈద్‌కి మా ఆపా కొడుకు గుడివాడ నుంచి బందరు వచ్చాడు. ఇంటర్ చదువుతున్నాడు. ఒక చేతిలో షీర్ ఖుర్మా గిన్నె, ఇంకో చేతిలో ఫోన్. పెద్దవాళ్ళు ఇచ్చిన ఈదీ అంతా లెక్క పెడితే 1,500 రూపాయలు తేలింది. అందులో సగం ఒక గేమ్‌లో పెడతానన్నాడు. పేరున్న సినిమా మీద వస్తున్న ఆన్‌లైన్ గేమ్ అట, వేలమంది ఒకేసారి ఆడొచ్చట.

వాళ్ళమ్మకి కోపం వచ్చింది. ఎందుకంటే రెండేళ్ళ క్రితం ఇలాంటిదే ఇంకో సినిమా గేమ్‌లో వీడు కొన్నాళ్ళు పోగేసిన డబ్బు పెట్టి కత్తి, కవచం, గుర్రం కొన్నాడు. ఏడాది తిరక్కుండానే ఆ గేమ్ మూసేశారు. కత్తీ పోయింది, గుర్రమూ పోయింది. డబ్బు వెనక్కి రాలేదు.

"మామూ, ఈసారి అట్టా కాదు. ఇది చాలా పెద్ద సినిమా. మూతపడదు" అన్నాడు.

వాడి మాటలోనే అసలు ప్రశ్న ఉంది. సినిమా పెద్దదైతే దాని మీద వచ్చే ఆన్‌లైన్ గేమ్ కూడా బాగుంటుందా? ఎక్కువ కాలం నిలుస్తుందా? ఈ ప్రశ్న మన ప్రాంతంలో చాలా ఇళ్ళలో ఉంది. బందరైనా, గుడివాడైనా, అవనిగడ్డ, నాగాయలంక వైపు దివిసీమ ఊళ్ళయినా, పిల్లల ఫోన్‌లో గేమ్ లేని ఇల్లు తక్కువ. అందుకే తెలిసినంత వరకు వివరంగా రాస్తున్నాను.

ముందు ఈ ఆట ఏమిటో తెలుసుకుందాం

గేమ్‌లన్నీ ఒకటి కాదు. పబ్‌జీ, ఫ్రీ ఫైర్ లాంటివి యుద్ధం ఆటలు. కాసేపు ఆడతారు, గెలుస్తారు లేదా ఓడతారు, మళ్ళీ మొదటి నుంచి మొదలు. క్యాండీ క్రష్ లాంటివి ఒక్కరే కూర్చుని ఆడుకునేవి. మనం మాట్లాడుతున్న రకం వేరు. దీన్ని ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఎంఎంఓఆర్‌పీజీ అంటారు. వేలమంది ఒకే లోకంలో, ఒకే సమయంలో, తలా ఒక వేషం కట్టి బతికే ఆట అని అర్థం.

వేషం అనే మాట మన డెల్టాకి కొత్త కాదు. బందరుకు దగ్గర్లోని కూచిపూడి కళాకారులు నాట్యంతో పాటు పగటి వేషాలు కూడా కట్టేవారు. ఒకడు సోమయాజులు అవుతాడు, ఒకడు వ్యాపారి అవుతాడు, ఊరి జనం మధ్యలోకి వెళ్ళి ఆ మనిషిలాగే మాట్లాడతాడు. స్టేజీ లేదు, తెర లేదు. ఊరే రంగస్థలం. ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే దాదాపు అదే. తేడా ఏమిటంటే ఇక్కడ చూసేవాళ్ళు ఉండరు, అందరూ వేషగాళ్ళే.

ఈ ఆటలకు ఇంకో లక్షణం ఉంది. మనం ఫోన్ ఆపేసి పడుకున్నా ఆ లోకం నడుస్తూనే ఉంటుంది. పొద్దున్నే లాగిన్ అయ్యేసరికి సంతలో ధర మారి ఉండొచ్చు, పక్క దళం వాళ్ళు కోట పట్టుకుని ఉండొచ్చు. మన వేషానికి సంపాదించిన అనుభవం, సామాను, స్నేహాలు నెలలు, ఏళ్ళు నిలుస్తాయి. అందుకే పిల్లలు వీటికి అంతగా అంటుకుపోతారు. అందుకే మూతపడితే అంతగా బాధపడతారు.

సినిమాకి, ఈ ఆటకి ఎక్కడ పడదు?

సినిమాలో హీరో ఒక్కడే. థియేటర్‌లో ఐదొందల మంది కూర్చున్నా అందరూ ఆ ఒక్కడినే చూస్తారు. ఆ ఒక్కడు గెలిస్తే అందరూ గెలిచినట్టే ఈల వేస్తారు. మన డెల్టావాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు ఇక్కడే, అక్కినేని పేరుతో గుడివాడలో కాలేజీయే ఉంది.

ఆన్‌లైన్ గేమ్‌లో లెక్క తిరగబడుతుంది. లోపలికి వచ్చిన ఐదు వేల మందీ డబ్బు, సమయం పెట్టి వచ్చారు. ప్రతివాడూ హీరో కావాలనుకుంటాడు. ఐదు వేల మంది బాహుబలులు ఒకే ఊళ్ళో తిరిగితే అది మాహిష్మతిలా ఉండదు, ఫ్యాన్సీ డ్రెస్ పోటీలా ఉంటుంది. పోనీ ఎవరికీ బాహుబలి ఇవ్వం, అందరూ సైనికులే అంటే, సినిమా చూసి ఆశపడి వచ్చినవాడు రెండో రోజే వెళ్ళిపోతాడు.

రెండో ఇబ్బంది కథ. సినిమాకి మొదలు, మధ్య, ముగింపు ఉంటాయి. మూడు గంటల్లో అయిపోతుంది, అయిపోవాలి కూడా. ఆన్‌లైన్ ఆటకి ముగింపు ఉండకూడదు. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడో రెండో భాగంలో తెలిసిపోయింది. తెలిసిపోయిన తర్వాత ఆ కథలో ఇంకా చేయడానికి ఏం మిగిలింది?

మూడోది హక్కులు. సినిమా పేరు, పాత్రలు, ముఖాలు అన్నీ నిర్మాతల ఆస్తి. గేమ్ కంపెనీ వాటిని కొన్నేళ్ళకు అద్దెకు తీసుకుంటుంది. అద్దె ఇల్లు ఎంత బాగా అలంకరించుకున్నా ఓనరు ఖాళీ చేయమంటే చేయాల్సిందే. గేమ్ బాగా నడుస్తున్నా సరే, ఒప్పందం అయిపోతే మూసేయక తప్పని పరిస్థితి రావచ్చు.

బాహుబలి గేమ్ ఏం చేసింది?

తెలుగు సినిమా మీద వచ్చిన గేమ్‌లలో బాగా పేరొచ్చినది బాహుబలిదే. 2017 ఏప్రిల్ 28న బాహుబలి రెండో భాగం విడుదలైంది. అదే సీజన్‌లో 'బాహుబలి: ది గేమ్' ఫోన్లలోకి వచ్చింది. చేసింది బెంగళూరుకు చెందిన మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్. తీన్ పత్తీ గోల్డ్ అనే పేకాట యాప్ కూడా వాళ్ళదే.

గమనించాల్సిన విషయం ఏమిటంటే, వాళ్ళు దాన్ని వేషం కట్టే ఆటగా చేయలేదు. వ్యూహం ఆటగా చేశారు. క్లాష్ ఆఫ్ క్లాన్స్ ఆడినవాళ్ళకి ఆ పద్ధతి తెలుసు. ఆటగాడు బాహుబలి కాడు. ఆటగాడు రాజ్యం కట్టుకుంటాడు, సైన్యాన్ని తయారు చేస్తాడు, కాలకేయుల మీదికి పంపిస్తాడు. బాహుబలి, కట్టప్ప, దేవసేన ఆ సైన్యానికి తోడుగా వచ్చే వీరులు.

ఇది తెలివైన నిర్ణయం అని నా అభిప్రాయం. ఐదు వేల మంది బాహుబలుల సమస్య ఇక్కడ రాదు. ఎవడి రాజ్యం వాడిది, ఎవడి బాహుబలి వాడికి. సినిమా గాలి ఉన్నప్పుడే జనం దించుకుంటారు. చిన్న ఫోన్‌లో, తక్కువ డేటాతో నడుస్తుంది. కానీ దాంతో పాటే ఒకటి పోయింది. మాహిష్మతి వీధుల్లో నడవడం, అక్కడి జనంతో మాట్లాడటం, ఆ ఊళ్ళో ఒకడిగా ఉండటం అనే అనుభవం రాలేదు. పిల్లలు కోరుకునేది అదే కదా.

బయటి దేశాల్లో ఏమైంది?

సినిమా మీద నిజంగా వేషం కట్టే ఆట చేసిన వాళ్ళ అనుభవం చూస్తే పాఠం బాగా అర్థమవుతుంది. మూడు నాలుగు ఉదాహరణలు చాలు.

మొదటిది స్టార్ వార్స్ గెలాక్సీస్. 2003 జూన్‌లో వచ్చింది. దాన్ని చేసినవాళ్ళు ధైర్యమైన పని చేశారు. సినిమా హీరోలైన జెడై వీరుల వేషం మొదట్లో ఎవరికీ ఇవ్వలేదు. బదులుగా 30కి పైగా పనులు పెట్టారు. దర్జీ, వైద్యుడు, వంటవాడు, ఇళ్ళు కట్టేవాడు, సంగీతం వాయించేవాడు, మరమనుషుల్ని తయారు చేసేవాడు. యుద్ధంలో దెబ్బ తిన్న సైనికుడు వైద్యుడి దగ్గరికి రావాలి, అలసట తీరాలంటే పాట వినాలి. ఆటగాళ్ళే ఊళ్ళు కట్టుకున్నారు, దుకాణాలు పెట్టుకున్నారు. ఒక్కసారి కూడా కత్తి దుయ్యకుండా మంచి వ్యాపారిగా పేరు తెచ్చుకున్నవాళ్ళు అందులో ఉన్నారు.

కానీ సినిమా చూసి వచ్చినవాళ్ళకి జెడై కావాలనే ఉంటుంది. కొన్ని పనుల్లో నేర్పు సాధిస్తే ఆ తలుపు తెరుచుకుంటుందని బయటపడగానే, దర్జీలు కుట్టడం మానేశారు, వైద్యులు వైద్యం మానేశారు. అందరూ జెడై కావడానికి పరుగు పెట్టారు. 2005 నవంబర్‌లో కంపెనీ ఆటను పూర్తిగా మార్చేసింది. పనులను తొమ్మిది రకాలకు కుదించి, మొదటి రోజు నుంచే ఎవరైనా జెడై కావచ్చని ప్రకటించింది. కొత్తవాళ్ళు అనుకున్నంత రాలేదు, పాతవాళ్ళు మాత్రం పెద్ద సంఖ్యలో వెళ్ళిపోయారు. ఏళ్ళ తరబడి దుకాణం నడిపినవాడికి ఒక్క ఉదయం ఆ వృత్తే లేదంటే ఎలా ఉంటుంది? 2011 డిసెంబర్ 15న ఆ లోకం శాశ్వతంగా మూతపడింది.

రెండోది ది మ్యాట్రిక్స్ ఆన్‌లైన్. 2005 మార్చిలో వచ్చింది. మూడు సినిమాలు అయిపోయిన తర్వాత కథ ఈ గేమ్‌లోనే ముందుకు సాగుతుందని చెప్పారు. మార్ఫియస్ లాంటి ముఖ్య పాత్ర గేమ్ కథలోనే చనిపోయింది. ఆలోచన గొప్పదే. కానీ మ్యాట్రిక్స్ సినిమా బలమంతా ఒక రహస్యంలో ఉంది. మనం చూసే లోకం నిజం కాదన్నదే ఆ రహస్యం. అది తెలిసిపోయాక రోజూ వచ్చి అక్కడ చేసే పని ఏమిటి? 2009 జూలై 31న దాన్నీ ఆపేశారు.

మూడోది ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్ ఆన్‌లైన్. 2007 ఏప్రిల్‌లో మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. ఇక్కడ ఒక సంగతి చాలామందికి తెలియదు. సినిమాల వల్లే జనానికి ఆ పేరు అంతగా పరిచయమైంది, కానీ గేమ్ కంపెనీ హక్కులు తీసుకున్నది సినిమాకి కాదు, టోల్కీన్ పుస్తకాలకి. పుస్తకంలో ఊళ్ళున్నాయి, భాషలున్నాయి, తిండి ఉంది, వంశాల చరిత్ర ఉంది. కథానాయకులు తమ దారిన తాము వెళ్తుంటే, ఆటగాడు ఆ పక్క ఊరి మనిషిగా వాళ్ళకి సాయం చేస్తాడు. ఖాళీగా ఉంటే తోట పెంచుతాడు, వీణ లాంటి వాద్యం వాయిస్తాడు. ఆటగాళ్ళే కొండ మీద చేరి సంగీత ఉత్సవాలు చేసుకునేంతగా ఆ లోకం వాళ్ళదైపోయింది.

నాలుగోది స్టార్ వార్స్: ది ఓల్డ్ రిపబ్లిక్. 2011 డిసెంబర్ 20న, అంటే పాత స్టార్ వార్స్ గేమ్ మూతపడిన ఐదు రోజులకే వచ్చింది. వీళ్ళు ఇంకో ఉపాయం పట్టారు. సినిమా కథకి మూడు వేల ఏళ్ళకు పైగా వెనక్కి వెళ్ళారు. అప్పుడు సినిమా హీరోలు పుట్టనే లేదు, కాబట్టి ఎంతమంది జెడైలు ఉన్నా ఇబ్బంది లేదు. పాత్రలన్నిటికీ గొంతులు పెట్టి సినిమాలా తీశారు. అయితే కథ పూర్తి చేసినవాళ్ళు త్వరగా వెళ్ళిపోయారు. ఏడాది తిరక్కుండానే నెల చందా తప్పనిసరి కాకుండా ఉచితంగా ఆడే దారి తెరవాల్సి వచ్చింది. అలా మారడం వల్లనే అది ఇప్పటికీ బతికి ఉంది.

హక్కుల గురించి పైన చెప్పాను కదా. మార్వెల్ హీరోస్ అనే గేమ్ దానికి ఉదాహరణ. హక్కులున్న డిస్నీ సంబంధం తెంచుకోగానే 2017 నవంబర్‌లో అది ఆగిపోయింది. ఐరన్ మ్యాన్ సినిమాలకి అప్పుడు గిరాకీ తగ్గిందా? లేదు. సినిమా గిరాకీకి, గేమ్ ఆయుష్షుకి సంబంధం లేదని ఇక్కడే తెలుస్తుంది.

ఇంకో వైపు చూడండి. ఈ రకం ఆటల్లో అందరికంటే పెద్దదిగా ఎదిగిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఏ సినిమా నుంచీ రాలేదు. 2004లో మొదలై 2010 నాటికి కోటీ ఇరవై లక్షల మంది చందాదారులకు చేరింది. దాని మీద సినిమా వచ్చింది 2016లో. అంటే గేమే ముందు, సినిమా తర్వాత.

మరి మన కథల్లో ఏది పనికొస్తుంది?

పై ఉదాహరణల నుంచి ఒక కొలబద్ద తయారు చేసుకోవచ్చు. హీరోని తీసేసి చూడండి. హీరో లేకపోయినా ఆ లోకంలో రేపు పొద్దున్న పని ఉందా? సంత ఉందా? ఎవరి భాష వాళ్ళకి, ఎవరి వృత్తి వాళ్ళకి ఉందా? ఉంటే గేమ్ నిలబడుతుంది. లేకపోతే పోస్టర్ మాత్రమే మిగులుతుంది.

ఈ కొలతతో చూస్తే బాహుబలికి మంచి మార్కులే వస్తాయి. మాహిష్మతి ఉంది, కుంతల ఉంది, జలపాతం కింద గూడెం ఉంది. కాలకేయులకి మదన్ కార్కీ కిలికి అనే భాషే తయారు చేశారు. సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు దానికున్నాయి. మాహిష్మతిలో కత్తులు చేసేవాడు, ఏనుగుల మావటి, పడవ నడిపేవాడు, గూఢచారి, అంగడివాడు, ఇలా వంద వేషాలు పెట్టొచ్చు. బాహుబలి పుట్టడానికి యాభై ఏళ్ళ ముందు కథ పెడితే హీరో గొడవే ఉండదు.

2024 జూన్‌లో వచ్చిన కల్కి 2898 ఏడీ ఇంకా దగ్గరగా ఉంటుంది. అందులో జనం కాంప్లెక్స్ అనే చోటులోకి వెళ్ళాలంటే యూనిట్లు కూడబెట్టాలి. భైరవ పాత్ర కష్టమంతా ఆ పది లక్షల యూనిట్ల కోసమే. ఎండిపోయిన కాశీ నగరం, పైన కాంప్లెక్స్, దూరంగా శంబల. పని చేయి, సంపాదించు, పై మెట్టు ఎక్కు అనేది ఆ లోకంలోనే ఉంది. గేమ్ వాళ్ళు కొత్తగా కలపాల్సింది తక్కువ.

పాత సినిమాల్లో మాయాబజార్, పాతాళ భైరవి. ఈ రెండింటికీ మాటలు, పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు బందరులో పెరిగినవారు, ఇక్కడి జాతీయ కళాశాల విద్యార్థి. 1957 నాటి మాయాబజార్‌లో అసమదీయులు, తసమదీయులు లాంటి మాటలు ఆయన సృష్టే. ఘటోత్కచుడి ఊరివాళ్ళకి వాళ్ళ మాట తీరు వేరు, వాళ్ళ బడి వేరు, వాళ్ళ హాస్యం వేరు. ఎవరో నిఘంటువు రాసిచ్చినట్టు ఒక లోకానికి దాని మాటలు దానికి ఉంటే, అందులో వేషం కట్టడం సులువు. కంప్యూటర్ రాకముందే ఒక బందరు మనిషి ఆ పని చేసి చూపించాడు.

మన ఇళ్ళలో ఉర్దూ చదివే పెద్దవాళ్ళుంటే తిలిస్మె హోష్‌రుబా గురించి అడగండి. 1883 నుంచి లక్నోలో నవల్ కిశోర్ ప్రెస్ సంపుటాలుగా వేసిన దాస్తాన్ అది. మాయా నగరాలు, మంత్రగాళ్ళు, వాళ్ళని ఉపాయంతో ఓడించే అయ్యార్లు. అందులో అమర్ అయ్యార్ దగ్గర జంబీల్ అనే సంచి ఉంటుంది. అందులో ఎంత వేసినా నిండదు, ఏది కావాలంటే అది బయటికి వస్తుంది. ఇవాళ ప్రతి గేమ్‌లోనూ సామాను దాచుకునే సంచి బొమ్మ ఉంటుంది కదా, అదే! వేలమంది కలిసి తిరగడానికి సరిపోయే లోకం మన రెండు భాషల్లోనూ ఎప్పటి నుంచో ఉంది. చేసేవాళ్ళు లేరంతే.

మరి ఒక్క హీరో స్టైల్ మీద, డైలాగ్ మీద నడిచే సినిమాలు? అవి థియేటర్‌లో ఎంత ఊపినా ఈ ఆటకి పనికిరావు. ఆ హీరో నడక, ఆ హీరో మేనరిజం పక్కన పెడితే లోపల రోజూ చేసే పని ఉండదు. అలాంటివి చిన్న పరుగుపందెం గేమ్‌గా వస్తే చాలు.

అయితే ఎందుకు చేయట్లేదు?

డబ్బు. వేషం కట్టే పెద్ద ఆన్‌లైన్ గేమ్ చేయడానికి ఏళ్ళు పడుతుంది. చేసిన తర్వాత ఖర్చు ఆగదు. సర్వర్లు రాత్రింబగళ్ళు నడవాలి, కొత్త ఊళ్ళు, కొత్త పనులు కలుపుతూ ఉండాలి, మోసగాళ్ళని పట్టుకునే మనుషులు కావాలి. సినిమా అయితే ఒకసారి తీసి విడుదల చేస్తే పని అయిపోయింది. గేమ్ అలా కాదు, హోటల్ నడిపినట్టు. రోజూ పొయ్యి వెలిగించాల్సిందే.

మన దగ్గర నెల చందా కట్టి ఆడే అలవాటు తక్కువ. అందుకే గేమ్ ఉచితంగా ఇచ్చి, లోపల బట్టలు, కత్తులు అమ్ముతారు. ఆడేవాళ్ళలో చాలామంది పైసా పెట్టరు. పెట్టే ఆ కొద్దిమంది మీదే మొత్తం ఖర్చు రాబట్టాలి. కాబట్టి ఆ కొద్దిమందితో మళ్ళీ మళ్ళీ కొనిపించేలా ఆటను తయారు చేస్తారు. మా మేనల్లుడి ఈదీ మీద కన్ను పడేది ఇక్కడే.

తల్లిదండ్రులు చూడాల్సినవి

ముందు చట్టం సంగతి. డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆటలు, అంటే రమ్మీ, పోకర్ లాంటివి ఆన్‌లైన్‌లో డబ్బుకి ఆడటాన్ని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. నైపుణ్యం ఆటా, అదృష్టం ఆటా అన్న తేడా లేకుండా డబ్బు పందెం ఉంటే అలాంటి ఆటలు నడపడం నేరం. కానీ గేమ్ లోపల కత్తి, బట్టలు కొనుక్కోవడం ఈ చట్టం కిందికి రాదు. అక్కడ తిరిగి డబ్బు గెలిచేది ఉండదు కాబట్టి. అంటే చట్టం మన పిల్లల జేబుకి పూర్తి కాపలా కాదు.

రెండు, మూసి ఉన్న పెట్టెలు. కొన్ని గేమ్‌లలో డబ్బు కట్టి పెట్టె కొంటారు, లోపల ఏముందో తెరిచేదాకా తెలియదు. మంచి కత్తి రావచ్చు, పనికిరాని టోపీ రావచ్చు. బెల్జియం దేశం 2018లో వీటిని జూదం కింద లెక్కగట్టింది. మన ఇళ్ళలో ఇది సరైనదా కాదా అనేది తెలిసిన ఆలిమ్‌ని అడగండి, ఆ తీర్పు నేను చెప్పేది కాదు. లెక్క మాత్రం చెప్పగలను. ఏం వస్తుందో తెలియకుండా కొనే సరుకుని మనం సంతలో కొనం. ఫోన్‌లో మాత్రం ఎందుకు కొనాలి?

మూడు, కొన్నది మనది కాదు. గేమ్‌లో కొన్న గుర్రం మన ఆస్తి కాదు, ఆడుకోవడానికి ఇచ్చిన అనుమతి మాత్రమే. సర్వర్ ఆపేస్తే అనుమతి కూడా పోతుంది. మొదట్లో మనం 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కేసే పొడవాటి కాగితంలో మామూలుగా ఈ మాటే ఉంటుంది.

నాలుగు, మాటామంతీ. వేలమంది ఉన్న లోకంలో పిల్లలు తెలియనివాళ్ళతో మాట్లాడతారు. అందులో మంచీ ఉంది. కోడూరులో ఉన్న పిల్లవాడికి కరీంనగర్‌లోనో, కువైట్‌లోనో స్నేహితుడు దొరుకుతాడు, నలుగురితో కలిసి పని చేయడం అలవడుతుంది. కానీ ఫోన్ నంబరు, స్కూల్ పేరు, ఇంట్లో ఫోటోలు, ఓటీపీ మాత్రం ఎవరికీ ఇవ్వకూడదు. ఈ మాట తిట్టి చెబితే వినరు. పక్కన కూర్చుని, ఆ ఆట ఏమిటో చూపించమని అడిగి చెబితే వింటారు.

ఐదు, సమయం. ఈ లోకం ఆగదని ముందే చెప్పాను. ఇప్పుడు వెళ్ళకపోతే ఏదో పోతుందన్న భయం పెట్టడం దాని వ్యాపారం. రోజూ ఫలానా గంటకి వస్తేనే బహుమతి అంటారు. మగ్రిబ్ వేళ, చదువు వేళ, నిద్ర వేళ ఇవి మనవి. గేమ్ గంట వీటి మీద పెత్తనం చేయకుండా చూసుకోవాలి. ఫోన్‌లో యూపీఐ పిన్ పిల్లలకి చెప్పకపోవడం, యాప్ స్టోర్‌లో కొనుగోలుకి పాస్‌వర్డ్ పెట్టడం ఐదు నిమిషాల పని.

చివరికి ఏమంటాం?

పేరున్న సినిమా మంచి ఆన్‌లైన్ గేమ్ కాగలదా అంటే, కాగలదు. కానీ పేరు వల్ల కాదు. ఆ సినిమా వెనక హీరో లేకుండా కూడా నడిచే ఒక లోకం ఉంటే, చేసేవాళ్ళు ఆ లోకంలో దర్జీకీ, పడవవాడికీ గౌరవం ఇస్తే, హక్కులు ఎక్కువ కాలానికి ఉంటే, అప్పుడు అవుతుంది. సినిమా పేరు జనాన్ని గుమ్మం దాకా తెస్తుంది. లోపల ఉంచేది మాత్రం చేతినిండా పని, నలుగురు స్నేహితులు.

మా మేనల్లుడికి ఇదంతా చెప్పి మూడు ప్రశ్నలు ఇచ్చాను. ఒకటి, ఆ గేమ్‌లో హీరో కాకుండా నువ్వు ఏం అవుతావు? రెండు, పైసా పెట్టకుండా నెల రోజులు ఆడి చూశావా? మూడు, రేపు మూసేస్తే పోయే డబ్బు గురించి నీకు ఫర్వాలేదా?

కాసేపు ఆలోచించాడు. "మొదటిదానికి జవాబు తెలీదు మామూ. ట్రైలర్‌లో హీరో ఒక్కడే కనిపించాడు" అన్నాడు.

"అయితే తెలిసేదాకా ఈదీ మీ అమ్మ దగ్గర ఉంచు బేటా" అన్నాను.

ఉంచాడు. మొత్తం కాదు, వెయ్యి రూపాయలు. మిగతా ఐదొందలు వాడి ఇష్టం. అంత స్వేచ్ఛ వాడికీ ఉండాలి కదా.